స్వతంత్ర వెబ్ నిపుణుడికి ఒకటో తారీఖు లేదు

సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొలువుకు స్వస్తి చెప్పి, సొంతంగా వెబ్‌సైట్ల నిర్మాణం చేపట్టడం దేశంలో కొత్త విషయం కాదు. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను సామాన్య ప్రజలకు అందుబాటులోకి తెచ్చిన తరువాత ఈ వృత్తికి ఇక్కడ బీజం పడింది. అయితే ఇటీవల ఈ మార్గం వైపు చూసేవారి ఆలోచన వేరు. దేశంలోని అతిపెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకోనున్నట్లు 2025 జులైలో ప్రకటించింది. ప్రధానంగా మధ్య, ఉన్నత స్థాయి సిబ్బందిపైనే ఆ వేటు పడుతుందని కూడా తెలిపింది. పెద్ద సంస్థలో ఉద్యోగమంటే కడదాకా భరోసా అన్న నమ్మకం దీనితో మరింత సడలింది. ఎటూ భరోసా లేనప్పుడు ఎవరి పని వారే ఎందుకు చేసుకోరాదన్న వాదనకు బలం చేకూరింది.

ఈ వాదనను సమర్థించేవారు తరచు పెద్ద పేర్లనే ఉదహరిస్తారు. 1981లో ఏడుగురు ఇంజనీర్లు 10 వేల రూపాయల పెట్టుబడితో ఇన్ఫోసిస్‌ను స్థాపించారు. వారంతా అంతకుముందు పట్నీ కంప్యూటర్ సిస్టమ్స్‌లో పనిచేసినవారే. కానీ అది కంపెనీ నిర్మాణ గాథ. ఇంట్లో ఒక గదిలో కూర్చుని దుకాణాలకు, ఆస్పత్రులకు, పాఠశాలలకు వెబ్‌సైట్లు తయారుచేసే ఒంటరి నిపుణుడి పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అతడు వదులుకునేది జీతాన్ని మాత్రమే కాదు, ఫలానా తేదీకి డబ్బు చేతికందుతుందన్న నిశ్చయాన్ని కూడా.

చట్టం అడ్డు కాదు

ఉద్యోగం వదలడానికి చట్టం పెద్దగా అడ్డుపడదు. మానేసిన తరువాత ఇదే వ్యాపారం చేయరాదని యాజమాన్యం రాయించుకునే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. పాత సంస్థ రహస్యాలను బయటపెట్టరాదన్న బాధ్యత మాత్రం కొనసాగుతుంది.

పన్నుల విషయంలోనూ కొంత వెసులుబాటు ఉంది. సేవల ద్వారా ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటేవరకు సాధారణంగా జీఎస్‌టీ నమోదు అవసరం లేదు. కొన్ని ప్రత్యేక రాష్ట్రాల్లో ఈ పరిమితి 10 లక్షలు. ఇంజనీరింగ్, సాంకేతిక సలహా వంటి నిర్దేశిత వృత్తులవారు తమ వసూళ్లలో కనీసం సగాన్ని ఆదాయంగా చూపి పన్ను చెల్లించే సులభ విధానాన్ని 2016లో ప్రవేశపెట్టారు. అందుకు తొలుత 50 లక్షలుగా ఉన్న పరిమితిని, నగదు వసూళ్లు 5 శాతానికి మించని పక్షంలో 75 లక్షలకు 2023లో పెంచారు. 2025లో ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ ఈ విధానానికి చోటు కల్పించారు.

అసలు లెక్క

చాలామంది పొరపాటు పడేది రేటు నిర్ణయించడంలోనే. నెలకు లక్ష రూపాయల జీతం, అందులో 50 వేల మూలవేతనం ఉన్న ఉద్యోగిని ఉదాహరణగా తీసుకోవచ్చు. పూర్తి మూలవేతనంపై 12 శాతం చొప్పున భవిష్యనిధి వాటా చెల్లించే యాజమాన్యమైతే, జీతానికి అదనంగా నెలకు 6 వేలు జమ చేస్తుంది. ఏడాదికి 15 రోజుల వేతనం లెక్కన గ్రాట్యుటీ కింద నెలకు సుమారు 2,400 రూపాయలు పేరుకుంటాయి. వైద్య బీమా, కంప్యూటరు, సర్వర్ అద్దె, విద్యుత్తుకు మరో 11,600 వేసుకుంటే మొత్తం 1,20,000 రూపాయలవుతుంది.

నెలకు 22 పనిదినాలున్నా, క్లయింట్లను వెదకడానికి, అంచనాలు పంపడానికి, బాకీలు అడగడానికి పోయే రోజులకు ఎవరూ డబ్బు ఇవ్వరు. 12 రోజులే బిల్లుకెక్కుతాయనుకుంటే రోజుకు 10 వేల రూపాయలు రాబట్టవలసి ఉంటుంది. ఉద్యోగంలో ఆ వ్యక్తి రోజు వేతనం సుమారు 4,545 రూపాయలు మాత్రమే. పాత జీతాన్ని రోజులతో భాగించి రేటు చెప్పినవారు పని నిండా ఉన్నా నష్టపోవడానికి కారణమిదే.

వసూలే పరీక్ష

అంతకన్నా జటిలమైనది వసూలు సమస్య. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, నమోదైన చిన్న సంస్థకు రావలసిన సొమ్మును ఒప్పందంలో ఏమి రాసుకున్నా 45 రోజుల్లోగా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకుంటే గడువు 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ఉద్యమ్ నమోదుకు రుసుము కూడా లేదు. సకాలంలో చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు లేకుండా ఆదాయపు పన్ను నిబంధనను 2023లో సవరించారు. అది 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది.

కాగితం మీద ఇది పటిష్ఠమైన రక్షణే. కానీ ముగ్గురు క్లయింట్లపై ఆధారపడి బతికే నిపుణుడు వారిలో ఒకరిపై ఫిర్యాదు చేస్తే, ఆదాయంలో మూడో వంతును చేజేతులా వదులుకున్నట్లే. వడ్డీ వస్తుందేమో గాని తరువాతి పని రాదు. అందువల్ల హక్కు ఉన్నా వాడుకునేవారు వెనుకాడతారు.

జీఎస్‌టీ ఈ భారాన్ని మరింత పెంచుతుంది. నమోదైన నిపుణుడు 2 లక్షల రూపాయల పనికి బిల్లు ఇస్తే, 18 శాతం లెక్కన 36 వేల పన్ను బాధ్యత ఏర్పడుతుంది. క్లయింటు మూడు నెలలకు చెల్లించినా, ప్రభుత్వానికి మాత్రం సాధారణంగా మరుసటి నెలలోనే కట్టాలి. అంటే తనకు రాని డబ్బుపై పన్నును సొంత జేబు నుంచి సర్దాలి.

చిన్న నిపుణుడి చేతిలో ఉన్న బలమైన ఆయుధం మరొక చట్టంలో ఉండటం గమనార్హం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి విధుల్లో భాగంగా రాసిన ప్రోగ్రాంపై హక్కు, వేరే ఒప్పందం లేనప్పుడు, యాజమాన్యానిదే. స్వతంత్ర నిపుణుడు రాసిన ప్రోగ్రాంపై తొలి హక్కు సాధారణంగా అతడిదే. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప క్లయింటుకు దఖలుపడదు. పూర్తి సొమ్ము ముట్టిన తరువాతే హక్కులు బదిలీ అవుతాయని ఒప్పందంలో రాసుకోవడం, పని మొదలుకాకముందే కొంత అడ్వాన్సు తీసుకోవడం కోర్టుకెక్కనవసరం లేని రక్షణలు.

ఎవరి లెక్కలోనూ లేనివారు

2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ కార్మికులున్నారని, 2029-30 నాటికి వారి సంఖ్య 2.35 కోట్లకు చేరగలదని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి వీరికి తొలిసారిగా కేంద్ర చట్టంలో స్థానం కల్పించింది. పని ఇప్పించే ఆన్‌లైన్ సంస్థలు తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతాన్ని సంక్షేమ నిధికి జమ చేయాలని నిర్దేశించింది. అయితే క్లయింట్లను నేరుగా సంపాదించుకునే వెబ్ నిపుణుడి వెనుక అటువంటి సంస్థేదీ ఉండదు. అతడి పేరున వాటా చెల్లించేవారూ ఉండరు.

ఉద్యోగ కల్పనలో స్వయం ఉపాధికి ప్రాధాన్యమిస్తున్న ప్రభుత్వం చెల్లింపుల గడువును ఫిర్యాదుదారుడి ధైర్యానికే వదిలివేయడం సమంజసం కాదు. చిన్న సంస్థలకైనా డబ్బు చేతికందాకే జీఎస్‌టీ కట్టే వెసులుబాటు కల్పించడం ఇందుకు తొలి మెట్టు కాగలదు. అంతవరకు రాజీనామా లేఖ రాయదలచినవారు క్లయింట్ల జాబితా కన్నా ముందు, పైసా రాకున్నా ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుందో లెక్క చూసుకోవడం శ్రేయస్కరం.