వేగానికి తగిన చలువ

విడిభాగాలు తెచ్చి ఇంటివద్దనే కంప్యూటరును కూర్చుకొనే యువకులు ధనమంతా ప్రాసెసరుకే వెచ్చించి, దానిని చల్లబరచే సాధనాన్ని ఉపేక్షించడం సమంజసం కాదు. ప్రాసెసరు గ్రహించే విద్యుత్తు దాదాపుగా అంతా ఉష్ణంగా మారుతుంది. ఆ ఉష్ణం వెలుపలికి పోనిచో, నేటి ప్రాసెసర్లలో అనేకం 95 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆత్మరక్షణకై తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి. అధిక మూల్యానికి కొన్న వేగం అక్కరకు రాకుండా పోతుంది.

అట్లని ఖరీదైన నీటి కూలరే అందరికీ శరణ్యం కాదు. 65 వాట్ల తరగతి ప్రాసెసరుకు సామాన్యమైన హీట్‌సింకు, ఫ్యాను చాలు. 2022లో వెలువడిన ఇంటెల్ కోర్ ఐ9-13900కె 253 వాట్ల వరకు గ్రహించగలదు. దానికి పెద్ద కూలరు తప్పదు.

గాలితో పనిచేసినా, నీటితో పనిచేసినా ఈ కూలర్లు ప్రాసెసరును గది ఉష్ణోగ్రత కన్న దిగువకు చల్లార్చలేవు. వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండం, రెంటచింతల వంటి ప్రాంతాలవారు కొంత అదనపు సామర్థ్యాన్ని ఎంచుకోవాలి. క్యాబినెట్ ముందువైపు చల్లని గాలి ప్రవేశించి, వెనుకవైపు వేడిగాలి నిష్క్రమించాలి. ధూళిని తరచుగా తొలగించాలి. వేగమెంతో విచారించేవారు వేడి ఎంతో కూడ విచారించడమే వివేకం.