కొత్త కార్బురేటర్, పాత ఇంజను, పాపం మెకానిక్కు

మన ఊళ్ళలో బండి బాగుచెయ్యడమంటే ఈమధ్య ఒకటే అర్థం: పాతది పీకి కొత్తది పెట్టడం. అది పనిచెయ్యకపోతే ఇంకో కొత్తది. సాఫ్ట్‌వేర్లో కూడా ఈ జబ్బుందనుకోండి. ఎర్రర్ వచ్చిందా, సర్వర్ మార్చెయ్! ఇది రిపేరు కాదు, లాటరీ అని నా అభిప్రాయం.

మైదుకూరులో మా మామకి 1998 నాటి హీరో హోండా స్ప్లెండర్ ఉంది. ఆయన పొలానికీ, ప్రొద్దుటూరుకూ అదే వాహనం. పాత కార్బురేటర్ అరిగిపోయిందని కొత్తది వేయించాడు. అప్పట్నుంచీ చోక్ లాగితే తప్ప నిలబడదు, వేడెక్కాక స్లో దానంతటదే పెరుగుతుంది, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్లో టపటపా. వేసినాయన "ఈ పీసే సరిగ్గా లేదు సార్, ఇంకోటి తెప్పిద్దాం" అన్నాడట. ఆ ఇంకోటికి డబ్బులు మాత్రం మామవే.

ఆ మూడు లక్షణాలూ ఒకే మాట చెప్తున్నాయి. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. చోక్ గాలిని తగ్గిస్తుంది. చోక్ లాగితే బాగుపడే ఇంజనుకి గాలి ఎక్కువవుతున్నట్టే కదా? మరి ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తోంది? ప్రొద్దుటూరులో ఒక పెద్దాయన స్క్రూడ్రైవర్ తియ్యకుండానే, కార్బురేటర్ ఇంజనుకి కలిసే చోట బ్రష్షుతో కాసిన్ని నీళ్ళు పూశాడు. ఇంజను శబ్దం ఠక్కున మారింది. అతుకు దగ్గర గట్టిపడిపోయిన పాత రబ్బరు రింగు గాలి పీలుస్తోంది. కొత్త కార్బురేటర్ దోషమేం లేదు. కొత్త మాడ్యూల్ పెట్టగానే పాత కోడులో దాక్కున్న తప్పు బయటపడ్డట్టన్నమాట.

రింగు మార్చాక అసలు ట్యూనింగు. "అబ్బీ, ఒగటి తిప్పినాక అది తేలేదాకా ఇంగోటి ముట్టుకోవద్దు" అన్నాడాయన. మా ఆఫీసు గోడ మీద రాయించాల్సిన మాట ఇది!

ఆయన పద్ధతి ఇదీ. ముందు ట్యాపెట్లు, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు చూసుకోవాలి. అవి బాగాలేకుండా కార్బురేటర్ తిప్పడం దండగ. బండి పది నిమిషాలు నడిపి వేడెక్కాకే మిక్చర్ స్క్రూ. దాన్ని మెల్లిగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వదిలి, అక్కణ్ణుంచి పావు పావు చుట్టు తిప్పుతూ ఇంజను ఎక్కడ బాగా పలుకుతుందో వినాలి. స్లో స్పీడు ఆ తర్వాతే. ఒక్క జాగ్రత్త: స్క్రూ ఎయిర్ ఫిల్టరు వైపుంటే అది గాలి స్క్రూ, వదిలితే పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజను వైపుంటే పెట్రోలు స్క్రూ, వదిలితే పెరుగుతుంది. ఇది తెలీకుండా తిప్పేవాళ్ళే ఎక్కువ.

ఇంకో సంగతి. స్లోలో ఇబ్బందైతే పైలట్ జెట్టు, సగం థ్రాటిల్లో అయితే నీడిలు, పూర్తిగా తిప్పినప్పుడైతే మెయిన్ జెట్టు. తప్పు ఏ వేగంలో వస్తోందో గమనిస్తే సగం పని అయినట్టే. ప్లగ్గు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, మసి పడితే ఎక్కువ, కాఫీరంగైతే సరి.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? 2025 నాటికి దేశమంతా ఇ-20 పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. మామూలు పెట్రోలు ఒక పాలుకి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇ-20కి సుమారు 13.5 చాలు. అంటే పాత సెట్టింగులో గాలి ఎక్కువైపోతుంది. ఆక్సిజన్ సెన్సరున్న ఇంజెక్షన్ బండి తనంతట తను సర్దుకుంటుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, మనిషే సర్దాలి. పైగా పాత రబ్బర్లకి ఇథనాల్ పడదు. మన కర్నూలు, కడప ఎండల్లో ఆ రబ్బర్లు ముందే సగం చచ్చి ఉంటాయి.

ఆ సర్దే మనిషే తగ్గిపోతున్నాడు. 2020 ఏప్రిల్లో బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లలో కార్బురేటర్ దాదాపు మాయమైంది. కుర్ర మెకానిక్కులు దాన్ని నేర్చుకోవట్లేదు, తప్పు వాళ్ళది కాదు. కానీ పాలక్యాన్లు మోసే ఎక్సెల్లులు, పొలాలకెళ్ళే స్ప్లెండర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయిగా. కొత్త బండి కొనలేనివాడే అనవసరమైన సామాను కొనాల్సి రావడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అందుకే నా సలహా: ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ బండి జెట్టు నంబర్లూ, స్క్రూ ఎన్ని చుట్లుందో ఒక చీటీ మీద రాసి సీటు కింద పెట్టండి. చెవితో పనిచేసే మెకానిక్కు దొరికితే పక్కన నిలబడి చూడండి, అడగండి. ఆయన అడిగినదానికి బేరమాడకండి. మనం గంటకింతని లెక్కగట్టి తీసుకునేది కూడా ఇలాంటి పనికేగా!