శివరాత్రికి కృష్ణుడెవరు?

వచ్చే ఏడాది ఏ సాయంత్రం ఏ నాటకమో, అందులో నాయకుడెవరో, నాయిక ఎవరో, వాద్యబృందాన్ని ఎవరు నడిపిస్తారో పారిస్ ఒపేరా వాళ్ళు నెలల ముందే అచ్చువేసి జనం చేతిలో పెడతారు. సెప్టెంబరులో మొదలై మరుసటి వేసవి దాకా సాగే సీజనుకు వసంతంలోనే జాబితా సిద్ధం. ఒపేరాలు, బ్యాలేలు, కచేరీలు, టిక్కెట్ల ధరలు అన్నీ అందులో ఉంటాయి. చెరుకుపల్లిలో కూర్చుని ఆ జాబితా నేను చదవగలను. వచ్చే శివరాత్రికి గోవాడ తిరునాళ్ళలోనూ ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఏ పందిట్లో ఏ నాటకం, కృష్ణుడెవరు, హరిశ్చంద్రుడెవరు అని అడిగితే మాత్రం చెప్పేవాళ్ళు దొరకరు. వారం ఉందనగా సెంటర్లో గోడపత్రిక పడుతుంది. ఒక్కోసారి అదీ ఉండదు, మైకు వినపడితే లేచి వెళ్ళడమే.

తెనాలిని ఆంధ్రా పారిస్ అని ముచ్చటగా పిలుచుకుంటాం. పారిస్ నుంచి మనం తెచ్చుకోవలసింది ఈ జాబితా అని నేనంటాను. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో ఏటా జరిగే పద్యనాటకాలకీ కూచిపూడి ప్రదర్శనలకీ సంగీత సభలకీ కలిపి ఒక్క సీజను పట్టీ కావాలి. అది దసరాకల్లా బయటికి రావాలి.

ఒపేరాకీ మనకీ ఏం చుట్టరికం అని అడిగేవాళ్ళకి ముందు జవాబు చెప్పాలి. ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో పదహారో శతాబ్దం చివర కొందరు పండితులు పాత గ్రీకు నాటకాలని మళ్ళీ నిలబెట్టాలనుకున్నారు. గ్రీకులు మాటల్ని పాడుతూ ఆడేవారని నమ్మి, తామూ అలాగే చేయబోయారు. అలా పుట్టింది ఒపేరా. మన దగ్గర 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగు ఊళ్ళలో ఆడి వెళ్ళాక, అది చూసిన మనవాళ్ళకి తెలుగులో ఎందుకు ఆడకూడదన్న పట్టుదల వచ్చింది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కడప సీమలో 1885లో కీచకవధతో మొదలైన సురభి వాళ్ళు, ఆ తరవాత తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు. పురాణ కథ, పాటే మాటగా నడిచే నాయకుడు, తెర ముందు వాద్యం, గొంతు కోసం వచ్చే జనం. రెండూ ఒక్క కోవకి చెందిన కళలే.

ఒక్క చోట మాత్రం పెద్ద తేడా ఉంది, నా బెంగంతా అక్కడే. ఇటలీ స్వరకర్త వెర్డీ రాసిన ఒపేరాలో ప్రతి స్వరమూ కాగితం మీద ఉంది. నాయిక పాడే పాటా, దాని వెనక వయొలిన్ పలికేదీ, ఎక్కడ ఆగాలో, ఎక్కడ హెచ్చాలో అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. ఆ పాట పాడేవాళ్ళు ముప్ఫై ఏళ్ళు లేకపోయినా, కాగితం తెరిచి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మన పద్యనాటకం పుస్తకంలో పద్యం ఒక్కటే ఉంటుంది. ఏ రాగంలో ఎత్తుకోవాలి, ఏ పదం దగ్గర విరవాలి, ఎక్కడ ఆలాపన పెంచాలి, ఎక్కడ ఊరుకోవాలి అన్నది నటుడి గొంతులో ఉంటుంది, లేదా హార్మోనిస్టు వేళ్ళలో ఉంటుంది. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు రాయబారంలో అర్థం చెడకుండా విరిచి చెప్పిన పద్యాన్నే షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడు రాగంతో మరో ఎత్తుకి తీసుకుపోయేవాడు. రెండూ పుస్తకంలో లేవు. రికార్డులు కొన్ని మిగిలాయి. వాటిలో పద్యం వినపడుతుంది కాని, ఎదుటి పాత్ర మాటకి కృష్ణుడు ఎంతసేపు ఆగి, ఎటు చూసి, పద్యం ఎత్తుకున్నాడో వినపడదు. అది పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. నేర్చుకునే కుర్రవాడికి ఫలానా నాటకం ఫలానా తేదీన ఉంది, అందులో నీకు అర్జునుడి వేషం ఉంది అని ఆరు నెలల ముందు చెప్పలేకపోతే వాడు ఎందుకు కూర్చుంటాడు? తేదీ లేని కళకి శిష్యులు రారు.

ఈ మాటకి సాక్ష్యం తమిళ దేశంలో ఉంది. తంజావూరు దగ్గర మెలట్టూరులో భాగవత మేళా అని ఆడతారు. తంజావూరు ఏలిన అచ్యుతప్ప నాయకుడి కాలంలో తెలుగు నేల నుంచి వెళ్ళి స్థిరపడిన భాగవతుల వారసత్వం అది. నాటకాలన్నీ తెలుగే. చాలావాటిని రాసినవాడు త్యాగరాజ స్వామి కాలంవాడైన మెలట్టూరు వేంకటరామ శాస్త్రి. ప్రహ్లాద చరిత్ర, ఉషాపరిణయం, హరిశ్చంద్ర ఆయనవే. ఆడేవాళ్ళు ఇంట్లో మాట్లాడేది తమిళం, చూసేవాళ్ళు మాట్లాడేదీ తమిళమే. అయినా ఏటా నృసింహ జయంతికి ప్రహ్లాద నాటకం తెలుగులోనే లేస్తుంది. దానికి చాటింపు అక్కర్లేదు, పంచాంగమే చెబుతుంది. దేశాల మీద ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలవాళ్ళు ఆ తేదీకి ఊరొచ్చి వేషం కడతారు. తెలుగు రాని ఊళ్ళో తెలుగు నాటకాన్ని నిలబెట్టినవాటిలో ఆ తిథికి పెద్ద వాటా ఉంది.

మనకి తిథులకేం తక్కువ? వరి ఇంటికి చేరేది సంక్రాంతి ముందు. తరవాత శివరాత్రి, శ్రీరామనవమి, ఊరూరా అమ్మవారి కొలుపులు, వైశాఖంలో కల్యాణాలు. జూన్ లో కాలవకి నీళ్ళు వదిలేదాకా రైతుకి రాత్రుళ్ళు ఖాళీ. పారిస్ సీజను సెప్టెంబరులో మొదలైతే మనది జనవరిలో మొదలవుతుంది. ఎవరూ ప్రకటించకపోయినా అది వందేళ్ళుగా ఉంది. ఆలయ కమిటీలు నటులకి బయానాలు ముందుగానే ఇస్తాయి. కాబట్టి పట్టీకి కావలసిన సమాచారం ఉంది. అది కాంట్రాక్టర్ల డైరీల్లో, కమిటీ పెద్దల జేబుల్లో ముక్కలుగా ఉంది, అంతే.

ఈ నేల తెలుగు రంగస్థలానికి ఏమిచ్చిందో గుర్తు చేసుకుంటే ఇది పెద్ద కోరిక కాదని తెలుస్తుంది. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నటుడై సత్యభామగా, రోషనారాగా, చింతామణిగా ఆంధ్రదేశమంతా తిరిగాడు. ఆడవేషం కట్టిన ఆ నటుడికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. అదే రామవిలాస సభలో మాధవపెద్ది వెంకట్రామయ్య దుర్యోధనుడు. ఈలపాట రఘురామయ్యది సుద్దపల్లి. పద్యం పాడి, అదే రాగాన్ని నోట వేలు పెట్టి ఈలగా వేసే కృష్ణుణ్ణి చూడటానికి జనం విరగబడేవారు. బాపట్ల సీమలోని ఇటికంపాడు బలిజేపల్లి లక్ష్మీకాంత కవి పుట్టిన ఊరు. ఆయన సత్యహరిశ్చంద్రలోని కాటిసీను గురించి తెలుగువాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆ సీనులో నటులు జాషువా గారి శ్మశానవాటి పద్యాలు చేర్చి పాడతారు. బలిజేపల్లి నాటకంలో జాషువా పద్యం, ఆ కలయిక ఏ కమిటీ నిర్ణయించింది కాదు, నటులూ ప్రేక్షకులూ కలిసి తేల్చుకున్నది. రొసీని ఒపేరా సెవిల్ మంగలిలో నాయిక సంగీత పాఠం చెప్పించుకునే ఘట్టంలో పాత గాయనులు తమకి నచ్చిన వేరే పాట పెట్టుకునేవారట. కళాకారిణికి ఆ చోటు వదలడం వాళ్ళకీ తెలుసు.

ఇంకొకటి. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది తెనాలిలో. దానికి పూనుకున్నవాడు సురభి పెద్ద వనారస గోవిందరావు. తెలుగు నాటక సమాజాలన్నిటినీ ఒక్క చోట కూర్చోబెట్టాలన్న ఆలోచన ఈ ఊళ్ళో కార్యరూపం దాల్చింది. తొంభై ఏళ్ళ కిందటే అంత పని చేసిన ప్రాంతానికి మూడు పట్టణాల నాటకాలని ఒక్క కాగితం మీదికి తేవడం కష్టమా?

ఆ కాగితం నా చేతికిస్తే ఏం రాస్తానో చెబుతాను. సంక్రాంతి వారానికి గయోపాఖ్యానం. కృష్ణార్జునులు ఎదురెదురుగా నిలబడే నాటకం, కొత్త గొంతులకి మంచి పరీక్ష. శివరాత్రికి హరిశ్చంద్ర, కాటిసీను ఒక్కటీ కోసి వడ్డించకుండా మొదటి అంకం నుంచి. నక్షత్రకుడి వేధింపు చూడనివాడికి కాటిసీను సగమే అందుతుంది. రామనవమికి రామాంజనేయ యుద్ధం. బడి సెలవుల్లో పిల్లల కోసం సురభి మాయాబజారు తెనాలిలో మూడు రోజులు, పగటి ఆటలతో సహా. నృత్యానికి మనం ఎక్కడికో వెతుక్కుంటూ పోనక్కర్లేదు. రేపల్లె దాటి పెనుమూడి వంతెన ఎక్కితే పులిగడ్డ, చల్లపల్లి మీదుగా కూచిపూడి. బ్యాలే సీజను పక్క ఒడ్డున పెట్టుకుని మనం ఏటా భామాకలాపాన్ని టీవీలో చూస్తున్నాం. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ కట్టిన సంప్రదాయంలో ఒక రాత్రి భామాకలాపం పూర్తిగా, దరువులన్నిటితో, రేపల్లెలో జరగాలి. ఇక కచేరీ. త్యాగరాజ స్వామి రాసిన సంగీత నాటకం నౌకా చరిత్రం పేరు విన్నవాళ్ళే తప్ప మొత్తం విన్నవాళ్ళు తక్కువ. బాపట్లలో ఒక సాయంత్రం దాన్ని పాడించాలి.

చింతామణి సంగతి దాటవేయలేను. కాళ్ళకూరి నారాయణరావు రాసిన వందేళ్ళ నాటకాన్ని 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. సుబ్బిశెట్టి పాత్రని అడ్డం పెట్టుకుని వేదికల మీద చేర్చిన వెకిలి మాటలు ఒక కులంవాళ్ళ మనసు నొప్పించాయన్నది నిజం. ఆ నొప్పిని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. అయితే ఆ మాటల్లో చాలా భాగం కాళ్ళకూరి రాసినవి కావు. వేశ్యావ్యసనం మీద రాసిన నాటకాన్ని అశ్లీలం కోసం వాడుకున్నది తరవాతి వాళ్ళు. వేశ్య నాయికగా వెర్డీ 1853లో రాసిన లా త్రావియాతా ఈనాటికీ ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా ఆడే ఒపేరాల్లో ఒకటి. మూల నాటకం దగ్గరికి వెళ్ళి, నొచ్చుకున్నవాళ్ళని కూర్చోబెట్టుకుని, ఏది ఉండాలో ఏది తీసేయాలో మాట్లాడుకుంటే ఆ పద్యాలూ స్థానం వారు నిలబెట్టిన ఆ పాత్రా మనకి దక్కుతాయి.

పట్టీలో ముగ్గురు కృష్ణులకి చోటివ్వకూడదని నా పట్టుదల. పడకసీనుకి ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఇంకొకరు అని కాంట్రాక్టు నాటకాల్లో అలవాటైంది. పేరున్న గొంతులన్నీ ఒకే రాత్రి వినడం జనానికి పండగ, మైదానం నిండేది, ఒప్పుకుంటాను. కాని ఎవరి సీను వాళ్ళు పాడి కారెక్కి వెళ్ళిపోతే పాత్ర నిలవదు. రాయబారంలో కృష్ణుడి కోపానికి బరువెక్కాలంటే పడకసీనులో నవ్విన కృష్ణుడు ఆయనే కావాలి.

వన్స్‌మోర్ మాత్రం మానవద్దు. మిలాన్ లోని లా స్కాలా ఒపేరాలో ఒంటరిగా పాడే గాయకుడు తన పాట మళ్ళీ పాడటం 1933 తరవాత చాలాకాలం జరగలేదు, కట్టడి అంత గట్టిది. 2007లో హువాన్ దియేగో ఫ్లోరెస్ అనే గాయకుడు జనం కోరితే మళ్ళీ పాడాడు, ప్రపంచమంతా పత్రికల్లో రాసుకున్నారు. మన ప్రేక్షకుడు ఆ హక్కు ఎన్నడూ వదులుకోలేదు. పద్యం తెలిసినవాడే వన్స్‌మోర్ అంటాడు. కాని మైకుని తగ్గించాలి. న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరాలో దాదాపు 3,800 సీట్లు, గాయకుల ముందు మైకు ఉండదు. మన పాతతరం నటులూ మైకు లేకుండానే మైదానాల్ని నింపినవాళ్ళు. ఇప్పుడు చిన్న హాల్లో కూడా సౌండు పెట్టెలు మోగించి, ప్రతిధ్వని కలిపి, పద్యంలో ఒక్క పదం తెలియకుండా చేస్తున్నారు. పదం వినపడని పద్యనాటకం ఎవరి కోసం?

కుర్రవాళ్ళ కోసం కూడా పారిస్ ఒక పని చేస్తోంది. కొన్ని నాటకాల మొదటి ఆటకి ముందు, వాళ్ళకి మాత్రమే ఒక రాత్రి ఆడి, టిక్కెట్టు తక్కువ ధరకి పెడుతుంది. తెనాలి, బాపట్ల కాలేజీల పిల్లలకి అలాంటి రాత్రి ఒకటి పెట్టండి. పద్యం కాగితం మీద అచ్చువేసి ముందే చేతికివ్వండి. చదివి వచ్చినవాడు వింటాడు.

డబ్బు మాట వస్తుంది. నాటకాలకి దాతలు ఇప్పుడూ ఉన్నారు, ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పట్టీ అచ్చుకి అయ్యే ఖర్చు ఒక్క రాత్రి లైటింగుకి అయ్యేదానికన్నా తక్కువ. కావలసింది ఒక్క చోటు. తెనాలిలో నాటక సమాజాల పెద్దలు ఎవరైనా ఒక చిరునామా ప్రకటించండి. ఆలయ కమిటీలవాళ్ళు బయానా ఇచ్చిన రోజే నాటకం పేరు, తేదీ, వేదిక, పాత్రధారులు ఒక కాగితం మీద రాసి అక్కడికి పంపండి. వినాయక చవితి దాకా వచ్చినవి చేర్చి దసరాకి అచ్చువేయవచ్చు. పాత్రధారుల కింద హార్మోనిస్టు పేరూ తబలా వాయించేవారి పేరూ కూడా అదే సైజు అక్షరాలతో వేయండి. ఏ కృష్ణుడి శ్రుతి ఎంతో, ఎవరు ఏ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకునేవారో ఇవాళ ఎక్కువగా తెలిసింది వాళ్ళకే. వాళ్ళ పేర్లు మన గోడపత్రికల మీద ఇన్నాళ్ళూ చిన్న అక్షరాల్లో పడ్డాయి, చాలాసార్లు పడనే లేదు.