నీడ మాయమయ్యే రోజున బడికి సెలవు

1980 ఫిబ్రవరి 16, శనివారం. మధ్యాహ్నం మూడున్నర దాటాక చంద్రుడి నీడ కర్ణాటక మీదుగా వచ్చి నల్లగొండ జిల్లాను కమ్మేసింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఆ నీడ దారిలోవే. సంపూర్ణ సూర్యగ్రహణం ఒకే చోట మళ్లీ పట్టాలంటే సగటున 375 ఏళ్లు పడుతుంది. అంతటి అపురూపం రెండు నిమిషాలకు పైగా మన వాకిట్లో నిలబడింది. వాకిట్లో మనం లేము. తలుపులు బిగించుకున్నాం. గర్భిణులను చీకటి గదుల్లో కదలకుండా పడుకోబెట్టాం. జనం వీధుల్లోకి రాకుండా దూరదర్శన్ సినిమా కూడా వేసింది. సూర్యాపేటకు వంద కిలోమీటర్ల లోపే, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్–రంగాపూర్ అబ్జర్వేటరీలో, శాస్త్రవేత్తలు అదే క్షణం కోసం పరికరాలు సిద్ధం చేసుకుని కాచుకున్నారు.

ఆ తరాన్ని తప్పుపట్టబుద్ధి కాదు. కళ్లు దెబ్బతింటాయన్న భయం ఉత్తది కాదు. సూర్యబింబం పూర్తిగా మూసుకున్న ఆ కాసేపు తప్ప, మిగతా సమయమంతా సరైన ఫిల్టరు లేకుండా చూడకూడదు. కానీ ఎప్పుడు చూడొచ్చో, ఎప్పుడు చూపు తిప్పుకోవాలో పక్కన నిలబడి చెప్పే మనిషి ఆనాడు మన ఊళ్లలో లేడు. నా బాధ ఏమిటంటే, ఈనాడూ చాలాచోట్ల లేడు.

2023 ఆగస్టు 23న చంద్రయాన్–3 దిగుతుంటే తెరల ముందు కూర్చున్న పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ కేరింతలు నిజమైనవే. సరిగ్గా అదే వేళకు దక్షిణపు ఆకాశంలో అర్ధచంద్రుడు ఉన్నాడు. తెర ఆపేశాక పిల్లల్ని బయటికి నడిపించి, మబ్బుల సందులోంచైనా ‘అదిగో, అక్కడే దిగింది’ అని వేలు పెట్టి చూపించి ఉంటే ఆ సాయంత్రానికి నిండుదనం వచ్చేది. అంతరిక్షం అంటే శ్రీహరికోటలో జరిగేది, టీవీలో వచ్చేది అన్న భావన పిల్లల్లో పాతుకుపోతోంది. ఆకాశం మాత్రం కోదాడ బస్టాండు మీదా ఉంది, మిర్యాలగూడ రైస్ మిల్లుల మీదా ఉంది.

మన దగ్గర ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన గొట్టం నీడ దాని మొదట్లోనే కలిసిపోయి, నేల మీద ఏమీ మిగలదు. ఈ మూడు పట్టణాల్లో అది మే 7, 8 తేదీల్లోనూ, మళ్లీ ఆగస్టు 4, 5 తేదీల ప్రాంతంలోనూ జరుగుతుంది. మేలో ఎండ దండిగా ఉంటుంది, బడి ఉండదు. ఆగస్టులో బడి ఉంటుంది, మబ్బు వదలదు. అందుకే మన పిల్లల్లో చాలామంది తమ నీడ మాయమవడం ఒక్కసారైనా చూడకుండానే పదో తరగతి దాటేస్తున్నారు.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. నీడ పూర్తిగా పోవాల్సిన పని లేదు. డిసెంబరులో ఏ రోజైనా సరే, బడి ఆవరణలో మీటరు కర్ర ఒకటి నిలబెట్టి, పదకొండున్నర నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో చుక్క పెట్టాలి. చుక్కలు దగ్గరకొస్తాయి, వస్తాయి, ఒకచోట ఆగి మళ్లీ దూరం జరుగుతాయి. అన్నిటికన్నా పొట్టి నీడ పడిన క్షణమే అసలు మధ్యాహ్నం. అది గడియారంలోని పన్నెండే కానక్కర్లేదని పిల్లలు అక్కడే పట్టేస్తారు. అదే రోజు ఆదిలాబాద్‌లో ఇంకో బడి ఇదే పని చేసిందనుకుందాం. రెండు ఊళ్ల కోణాలకు రెండున్నర డిగ్రీల తేడా వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా సూర్యాపేటకూ ఆదిలాబాద్‌కూ దూరం సుమారు 280 కిలోమీటర్లు. త్రైరాశికం వేస్తే భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లని తేలుతుంది. ఒక ఫోను, ఒక కర్ర, ఒక సుద్దముక్క చాలు. భూమిని కొలిచిన పిల్ల మరిక దాన్ని మరిచిపోదు.

ఇంకో పాఠం మన రైతుల నోట్లోనే ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసేవాళ్లకు మృగశిర, ఆరుద్ర కార్తెల లెక్క తెలుసు. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరుంటే ఆ పేరే కార్తెకు పెట్టారు. అంటే మృగశిర కార్తెలో మృగశిర కనిపించదు, సూర్యుడి వెలుగులో మునిగిపోయి ఉంటుంది. ఆరు నెలలు ఆగితే డిసెంబరు రాత్రి అదే నక్షత్రం నడిమింటికి ఎక్కుతుంది. దాని దాపునే ఎర్రగా ఆరుద్ర, కాస్త అవతల రోహిణి, ఆపైన పిల్లల కోడి అని పల్లెల్లో పిలిచే కృత్తికలు. తాత చెప్పే కార్తె, మనవరాలి సైన్సు పుస్తకంలోని భూపరిభ్రమణం ఒకే విషయమని చెప్పడానికి మించిన ఖగోళ పాఠం నాకు తట్టడం లేదు. 1868 గ్రహణాన్ని పరిశీలించడానికి వనపర్తి వచ్చిన మద్రాసు అబ్జర్వేటరీ ఖగోళవేత్త చింతామణి రఘునాథాచారి ఖగోళాన్ని జనం మాటల్లోనే చెప్పాలని గ్రహించారు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటబోతుంటే, సామాన్యుల కోసం పలు భారతీయ భాషల్లో పుస్తకం తెచ్చారు.

చుక్కలు చూడాలంటే రాత్రి కావాలి, బడి మాత్రం సాయంత్రానికే మూసేస్తారు. ఇది అసలు చిక్కు. హైదరాబాద్ బిర్లా ప్లానెటేరియానికి ఏడాదికోసారి బస్సు కడితే సరిపోతుందనుకోవడం దీన్ని దాటవేయడమే. గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాల పిల్లలు రాత్రీ అక్కడే ఉంటారు. మొదలుపెట్టాల్సింది వాళ్లతోనే. వాటిలో చాలావరకు ఊరి దీపాలకు దూరంగానే ఉన్నాయి. నెలకు ఒక రాత్రి, అమావాస్య దగ్గర్లో ఆవరణలోని లైట్లు ఆర్పి ఒక గంట చాలు. టెలిస్కోపు తర్వాత కొనవచ్చు. ముందు కావాల్సింది ఆకాశం తెలిసిన ఉపాధ్యాయులు, మండలానికి ఇద్దరైనా. జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు చెకుముకి సైన్సు పోటీల ద్వారా దశాబ్దాలుగా బడులతో కలిసి పనిచేస్తున్నాయి. శిక్షణ బాధ్యత వాళ్లతో పంచుకుని, ఆ రాత్రి గంటను విద్యాశాఖ డ్యూటీగా లెక్కగట్టాలి. టీచరు సొంత సమయం మీద, సొంత పెట్రోలు మీద నడిచే పని రెండేళ్లకు మించి నిలవదు.

2027 ఆగస్టు 2, సోమవారం. ఆ సాయంత్రం మన దగ్గర పాక్షిక సూర్యగ్రహణం కనిపిస్తుంది. ఆ వారంలోనే, రెండు మూడు రోజుల తేడాతో, మధ్యాహ్నం నీడ మాయమవుతుంది. ఫిల్టరు కళ్లజోళ్లకు ఇప్పుడే ఆర్డరు పెట్టుకోవచ్చు. మబ్బు పట్టినా సరే, ఈసారి పిల్లలు తలుపులకు అవతల, ఆరుబయట ఉండాలి.