పేరుకే ‘మినరల్’ నీరు

బొబ్బిలి: ఇరవై లీటర్ల డబ్బా గుమ్మం ముందు దిగని వీధి పట్టణంలో నేడు అరుదు. చుట్టుపక్కల గ్రామాలకు సైతం ఆటోల్లో నీరు చేరుతోంది. దానిని అందరూ ‘మినరల్ వాటర్’ అనే పిలుస్తారు. అయితే ఖనిజ లవణాలు అతి తక్కువగా ఉండేది ఆ నీటిలోనే. ఆర్వో యంత్రంలోని పొర నీటిలో కరిగిన లవణాల్లో 90 శాతానికి పైగా తొలగిస్తుంది. పేరు ఒకటి, సరుకు మరొకటి.

ప్రజల భయం నిరాధారమని కొట్టివేయలేం. ఇక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఉద్దానంలో రెండు దశాబ్దాలకు పైగా మూత్రపిండాల వ్యాధి కుటుంబాలను కబళిస్తోంది. 2024 అక్టోబరులో ఈ జిల్లాలోనే గుర్ల మండలంలో అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. నీటిని శంకించడం సహజమే. అయితే ఏ నీటిలో ఏది ఎక్కువైంది, ఏది తక్కువైంది అనే ప్రశ్న వేయకుండానే అన్నింటినీ తీసివేసే యంత్రాన్ని నమ్ముకోవడం ఎంతవరకు సబబన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన విషయం.

అయాన్లు లేనిదే ప్రాణం నిలవదు

చిటికెడు ఉప్పు నీటిలో వేస్తే అది సోడియం, క్లోరైడు అనే విద్యుదావేశం గల రేణువులుగా విడిపోతుంది. ఇవే అయాన్లు. మనిషి శరీరంలో సుమారు 60 శాతం నీరే. ఆ నీరు ఒట్టి నీరు కాదు. కణం వెలుపల సోడియం, లోపల పొటాషియం అధికంగా ఉంటాయి. కణపు గోడలోని ఒక ప్రొటీను విడతకు మూడు సోడియం అయాన్లను బయటకు నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోనికి తెచ్చుకుంటుంది. ఈ తేడా వల్లనే నరాల్లో సంకేతం నడుస్తుంది, గుండె కొట్టుకుంటుంది. కండరం బిగియడానికి, రక్తం గడ్డకట్టడానికి కాల్షియం కావాలి. పైరుకూ ఇదే సూత్రం. ఆకుపచ్చని పదార్థం నడిమధ్యన ఉండేది మెగ్నీషియం. ఆకు రంధ్రాలు తెరుచుకొని మూసుకొనేది పొటాషియం కదలిక వల్లనే.

అతిసారంలో ప్రాణం తీసేది ప్రధానంగా ఈ నష్టమే. విరేచనాలతో నీరు, దానితో పాటు సోడియం, పొటాషియం పోతాయి. ఒట్టి నీరు తాగించినంత మాత్రాన ఆ లోటు తీరదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి, 30 శాతం వరకు ఉన్న మరణాలను 4 శాతం లోపునకు తగ్గించగలిగారు. పేగు గ్లూకోజుతో పాటే సోడియంను లోనికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు వెళుతుంది. నేటి ఓఆర్ఎస్ పొట్లంలో పొటాషియం కూడా ఉంటుంది. గుర్ల వంటి చోట నీటిలో చేరినది సూక్ష్మజీవి, బాధితుల ఒంట్లోంచి పోయినది లవణం. ఈ రెండింటినీ వేరుగా చూడాలి. సూక్ష్మజీవికి మందు క్లోరినేషన్, పైపులైన్ల మరమ్మతు. అందుకోసం నీటిలోని కాల్షియంను తీసివేయనక్కరలేదు.

ఉద్దానం వారి కష్టం మరో రకం. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, లీటరున్నర, రెండు లీటర్లు తప్ప మిగిలినదంతా రక్తానికే తిరిగి చేరుస్తాయి. ఏ అయాను ఎంత ఉంచాలో, ఎంత పంపాలో అవే నిర్ణయిస్తాయి. అవి పాడైతే రక్తంలో పొటాషియం పేరుకుపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. అందుకే డయాలసిస్ రోగులను కొబ్బరినీళ్లు తాగవద్దని వైద్యులు వారిస్తారు. చుట్టూ కొబ్బరి తోటలు, ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ముందు బొండం కొట్టి ఇచ్చే అలవాటు. ఆ సీమలోనే ఆ నీరు నిషిద్ధం కావడం కంటె విషాదం ఏముంటుంది?

మోతాదులోనే ఉంది తేడా

1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రజ్ఞులు గుర్తించారు. అంతకు ముందే దుక్కిటెద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడాన్ని రైతులు గమనించారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడు పంటికి మేలు, అంతకు మించితే పళ్లు గారపట్టి, ఎముక వంకరపోతుంది. ‘నల్గొండ పద్ధతి’ పేరుతో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన విధానంలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వాడి ప్రధానంగా ఫ్లోరైడునే తగ్గిస్తారు. శత్రువు ఎవరో తెలిసినందువల్లనే అటువంటి చౌక మార్గం సాధ్యపడింది.

మన జిల్లాకు సంబంధించినంత వరకు ఆరా తీయవలసినది మాంగనీసు. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో విజయనగరం ప్రాంతంలోనే ఆరంభమైంది. గరివిడి సమీపంలోని కోడూరు గని పేరునే ‘కోడూరైట్’ అనే రాతికి పెట్టారు. బొబ్బిలి గ్రోత్ సెంటరులోనూ ఫెర్రో ఎల్లాయ్స్ పరిశ్రమలున్నాయి. నిజానికి మాంగనీసు లేనిదే ఏ ఆకూ నీటిని విడగొట్టి ప్రాణవాయువును విడుదల చేయలేదు. మనిషికీ స్వల్పంగా అవసరమే. కాని తాగునీటిలో లీటరుకు 0.1 మి.గ్రా. మించరాదని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. వేరే నీరు దొరకని చోట 0.3 వరకు సడలించింది. ఏళ్ల తరబడి అధికంగా శరీరంలో చేరితే నరాల వ్యవస్థ దెబ్బతింటుంది.

ఉద్దానంలో అనుమానితుల జాబితాలో ఉన్న సిలికా సంగతీ ఇటువంటిదే. భూగర్భ జలంలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ, వంశపారంపర్యం ఇలా ఎన్నో కారణాలు చర్చకు వచ్చాయి. ఏదీ ఇదమిత్థమని తేలలేదు. అదే సిలికా వరి గడ్డికి బిరుసునిస్తుంది, ఊకను కాల్చితే మిగిలే బూడిదలో అధిక భాగం అదే. అక్కడ హిరమండలం జలాశయం నుంచి నదీజలాన్ని గొట్టాల ద్వారా తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. బోరు నీటిని వడకట్టడం కంటె వనరునే మార్చడం ఆ ప్రాంతానికి తగిన ఆలోచన.

టీడీఎస్ అంకె చెప్పనిది

డబ్బా నీరు అమ్మేవారు చిన్న మీటరును గ్లాసులో ముంచి, ‘మీ బోరు 450, మాది 40’ అని చూపుతారు. కొనేవారికి అంతకు మించిన రుజువు అక్కరలేదు. ఆ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే అంచనా వేస్తుంది. అందులో కాల్షియం ఎంతో, నైట్రేటు ఎంతో, ఫ్లోరైడు ఎంతో దానికి తెలియదు. సూక్ష్మజీవులను అసలే చూడలేదు. టీడీఎస్ 500 మి.గ్రా. వరకు తాగడానికి ఆమోదయోగ్యమేనని ప్రమాణాలు పేర్కొంటున్నాయి. ఆ లోపు ఉన్న చోట ఆర్వో యంత్రాలను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది కూడా. ఇళ్లలోని చిన్న యంత్రాలు ఒక బిందె మంచినీటికి రెండు మూడు బిందెలు మురుగులోకి వదులుతాయి.

ఒక లెక్క చూద్దాం. లీటరుకు 75 మి.గ్రా. కాల్షియం ఉన్న నీటిని రోజుకు మూడు లీటర్లు తాగితే 225 మి.గ్రా. లభిస్తుంది. పెద్దలకు కావలసిన వెయ్యి మి.గ్రా.లో ఇది దాదాపు నాలుగో వంతు. పాలు, చేపలు, ఆకుకూరలు సమృద్ధిగా తినే ఇంటికి ఈ లోటు లెక్కలోనిది కాదు. పచ్చడి మెతుకులతో గడిపే ఇంటికి లెక్కే. చోడి పిండిలో వంద గ్రాములకు సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. ఒకప్పుడు చెరువు మట్టి పనికి వెళ్లే కూలీ ఉప్పు వేసుకున్న చోడి అంబలి తాగి వెళ్లేవాడు. చెమటతో పోయే సోడియం, ఎముకకు కావలసిన కాల్షియం ఆ ముంతలోనే దొరికేవి. ఇప్పుడు అంబలి తగ్గింది, చేతిలోకి నీటి సీసా వచ్చింది. రెండు వైపులా కోత పడింది.

ఉప్పునీరు, ఫ్లోరైడు నీరు తప్ప గత్యంతరం లేని గ్రామానికి ఆర్వో ప్లాంటు వరమే. పాచిపెంట కొండల్లో పుట్టి, వంగర మండలం సంగాం వద్ద సువర్ణముఖితో కలిసి నాగావళిలో చేరే వేగావతి చెంతనున్న బొబ్బిలిది ఆ పరిస్థితి కాదు. వానల్లో నది నీటికి వచ్చే సమస్య బురద, సూక్ష్మజీవులు. బోరు నీటికి పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం కఠినత్వానికి గుర్తులే తప్ప విషానికి గుర్తులు కావు.

జలజీవన్ మిషన్ కింద గ్రామాల్లో మహిళలకు నీటి పరీక్ష కిట్లపై శిక్షణ ఇస్తున్నారు. కఠినత్వం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము వంటివి వాటితో తెలుస్తాయి. ఆ ఫలితాలు రిజిస్టర్లలో ఉండిపోకుండా ప్రతి బోరు వద్ద, ప్రతి ట్యాంకు గోడపైన రాయిస్తే డబ్బా కొనాలో వద్దో ప్రజలే తేల్చుకుంటారు. గనులు, కర్మాగారాల చేరువలోని బోర్లకు మాంగనీసు పరీక్షను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో విడిగా చేయించాలి. వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి చేయిస్తేనే ఆ అంకెకు విలువ.