బస్సు వెనుక దుమ్ము ఎందుకు చేరుతుంది?



కరీంనగర్ నుంచి జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ పోయే బస్సు ఆగినప్పుడు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఎదురుగాలి కొట్టేది ముందు అద్దానికి. కాని, అన్నిటికంటె ఎక్కువ మట్టికొట్టుకుని ఉండేది వెనుక భాగమే! బస్సు ముందుకు పరుగెత్తితే దుమ్ము వెనుకబడిపోవాలి గదా? మరి వెంబడించి వచ్చి ఎందుకు అంటుకున్నట్టు?

జవాబు మీ ఇంట్లోనే దొరుకుతుంది. అమ్మనో నాన్ననో దగ్గర ఉంచుకుని ఒక కొవ్వొత్తి వెలిగించండి. దాని ముందు అరచేయంత అట్టముక్కను నిలబెట్టి, దాని మీదికి గట్టిగా ఊదండి. మంట అవతలికి వంగుతుందనుకున్నారు కదూ? కాదు, అట్టవైపే, అంటే మీ వైపే వంగుతుంది! ఇప్పుడు అట్ట తీసి గుండ్రని సీసా పెట్టి ఊదండి. ఈసారి మంట అవతలికి వంగుతుంది; ఆరిపోయినా ఆరిపోతుంది.

కారణం ఏమిటి? అట్ట అంచు దగ్గర గాలి చటుక్కున మలుపు తిరగలేదు. అందుచేత అట్ట వెనుక గాలి ఒత్తిడి తగ్గుతుంది. అక్కడికి చుట్టుపక్కల గాలి సుడులు తిరుగుతూ జొరబడుతుంది. సీసా గుండ్రన కాబట్టి గాలి దాని ఒంటిని అంటుకుని వెనుకవైపుకు చేరుకుంటుంది.

బస్సు వీపు అట్టముక్క వంటిదే. చక్రాలు లేపిన దుమ్మును ఆ సుడులే తెచ్చి దానికి పులుముతాయి. అంతేకాదు, ముందు ఒత్తిడి ఎక్కువ, వెనుక తక్కువ అయ్యేసరికి, ఎవరో తాడు కట్టి బస్సును వెనక్కు లాగుతున్నట్టే అవుతుంది. వేగం గంటకు 40 కిలోమీటర్ల నుంచి 80కి పెరిగితే ఈ గాలి నిరోధం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది! దానికి తగినట్టు డీజిలు కాలుతుంది.

గోదావరిలో చేపను చూడండి. ముందు లావు, పోనుపోను సన్నం. అందుకే నీరు సుడులు తిరగకుండా జారిపోతుంది. మరి లారీకి అంత తోక పెడితే మలుపు తిరిగేదెట్లా? 1930 దశకంలో జర్మనీలో వూనిబాల్డ్ కామ్ అనే ఇంజనీరు ఒక ఉపాయం చూపాడు. వెనుక భాగాన్ని కొంతవరకు సన్నబరిచి, అక్కడ నిట్టనిలువుగా కోసేసినా లాభంలో చాలా వంతు దక్కుతుంది! 1970 దశకంలో అమెరికాలో నాసా ఇంజనీర్లు ఒక వ్యానుకు రేకులు కప్పి, అంచులు గుండ్రం చేసి, వెనుక పడవకొస వంటిది తగిలించి పరీక్షించారు. తరువాత అక్కడ కొన్ని లారీల వెనుక తలుపులకు మడిచే పలకలు కూడా బిగించారు.

చివరగా ఒక్క మాట. లారీ వెనుక దగ్గరగా సైకిలు తొక్కితే ఎదురుగాలి ఉండదు, హాయిగా ఉంటుంది. ఆ హాయి ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. కాని అక్కడ ఉన్న మీరు డ్రైవరుకు కనబడరు. అతడు బ్రేకు వేస్తే మీకు ఆగే వ్యవధి ఉండదు. గాలి రహస్యం కొవ్వొత్తి దగ్గర నేర్చుకోండి. లారీ వెనుక మాత్రం వద్దు!