కనుబొమల కోసం ఊరికెళ్తున్నారా?

ఇక్కడ దుబాయ్‌లో కంపెనీ సెలవు కాగితాలు రాసేది మేమే కాబట్టి, ఎవరు ఎందుకు ఊరికెళ్తున్నారో ముందు మాకే తెలుస్తుంది. పెళ్లి, గృహప్రవేశం, నాన్నకు ఆపరేషన్... ఇవి మామూలే. ఈమధ్య జగిత్యాల తమ్ముడొకడు వచ్చి, "అన్నా, నెల లీవుల కనుబొమ పెట్టిచ్చుకొని రావచ్చా?" అన్నాడు.

గదిలో గ్యాస్ మంట ఎగదన్ని అతని ఎడమ కనుబొమ సగం పోయింది. పుండు మానింది గానీ వెంట్రుక రాలేదు. రెండు సంబంధాలు తప్పిపోయాయి. కనుబొమ లేకపోతే కుష్టేమోనని ఊళ్లలో ఇంకా గుసగుసలాడతారు. (ఆ జబ్బూ మందులతో పూర్తిగా నయమవుతుంది, అది వేరే సంగతి.) అతను అప్పు చేయడానికి కూడా సిద్ధంగా ఉన్నాడు. అందుకే ఈ వారం ఈ ముచ్చట.

ఇది కొత్త వైద్యమేమీ కాదు. కనుబొమల్లో వెంట్రుకలు నాటిన సంగతి జపాన్ డాక్టరు ఒకుడా 1939లోనే రాశారు. తల వెనక నుంచి వెంట్రుకలను కుదుళ్లతో సహా తీసి, మత్తు సూది ఇచ్చి, ఒక్కొక్కటిగా నాటుతారు. మొత్తం కనుబొమ అయితే 200 నుంచి 300 దాకా పడతాయి. ముక్కు దగ్గర పైకి, కణత వైపు పక్కకు, చర్మానికి ఆనినట్టు వాల్చి నాటాలి. నిలువుగా నాటితే బ్రష్షులా నిలబడతాయి. పనితనమంతా ఇక్కడే.

ఇక నెల సెలవు లెక్క చూద్దాం. నాటిన వెంట్రుకలు 2 నుంచి 4 వారాల్లో చాలావరకు రాలిపోతాయి! కంగారు పడక్కర్లేదు, కుదురు లోపలే ఉంటుంది. మళ్లీ మొలవడానికి 3, 4 నెలలు, నిండుగా కనిపించడానికి ఏడాది దాకా పడుతుంది. పెళ్లిచూపులు ఆ నెలలోనే పెట్టుకుంటే అప్పు కనిపిస్తుంది, కనుబొమ కనిపించదు. పైగా కాలిన మచ్చలో రక్తప్రసారం తక్కువ. నాటినవన్నీ పట్టకపోవచ్చు, రెండోసారి చేయాల్సి రావచ్చు.

ఇంకో మాట. కనుబొమలోకి వచ్చినా తల వెంట్రుక తల వెంట్రుకే. నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. వారానికో పది రోజులకో కత్తిరించుకుంటూ ఉండాల్సిందే, ఏళ్ల తరబడి.

కాలకుండానే రాలుతున్నవాళ్లు ముందు స్కిన్ డాక్టరును కలవండి. థైరాయిడ్ తక్కువైతే కనుబొమ చివర్లు పలచబడతాయి, రక్తపరీక్షలో తెలిసిపోతుంది. పేనుకొరుకుడు ఉంటే నాటినవీ రాలొచ్చు.

చౌక ప్యాకేజీలంటే మాకు భయం. వీడియోలు, వర్క్‌షాపులు చూసినంత మాత్రాన ఈ పని చేయడానికి శిక్షణ పొందినట్టు కాదని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. నాటేది డాక్టరా, టెక్నీషియనా అని మొహమాటం లేకుండా అడగండి. చీము పట్టిందంటే మనం ఇక్కడ, ఆయన అక్కడ.

ఇన్సూరెన్సులో వస్తుందా అంటారా? అందం కోసం చేసేవాటికి మామూలుగా రాదు. కాలిన గాయమైతే మాత్రం పాలసీ కాగితం పట్టుకురండి, చదివి చెబుతాం.